జేబులో లినక్స్: పైన్‌ఫోన్‌కి ఏ ఇంటర్‌ఫేస్ పెట్టుకోవాలి?

పైన్‌ఫోన్ అంటే ఆండ్రాయిడ్ బదులు లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే ఫోన్. అది చేతికొచ్చినవాళ్లు మొదట అడిగేది ఏ డిస్ట్రో, అంటే లినక్స్‌లో ఏ రకం, వేసుకోవాలని. ముందు ఇంటర్‌ఫేస్ తేల్చుకోండి, డిస్ట్రో సంగతి తర్వాత చూద్దాం అంటాను నేను. అడుగున డెబియన్ ఉన్నా ఆల్పైన్ ఉన్నా రోజూ మీ బొటనవేలికి తగిలేది పైనున్న ఇంటర్‌ఫేసే. లాక్ తియ్యడం, కాల్ ఎత్తడం, కీబోర్డ్ పైకి రావడం, ఒక యాప్‌లోంచి ఇంకో యాప్‌లోకి దూకడం, అన్నీ దాని చేతిలోనే ఉంటాయి. మామూలు ఫోన్లలో కంపెనీ ఏది పెట్టిస్తే అదే వాడాలి. ఇక్కడ ఎంచుకునే హక్కు మనకిచ్చారు కాబట్టి కాస్త టైమ్ పెట్టి ఎంచుకోవాలి.

నేను విజయవాడలో డీటీపీ, ప్రూఫ్‌రీడింగ్ పని చేస్తాను. పైన్‌ఫోన్ నాకు జేబులో పట్టే కంప్యూటర్. ప్రూఫ్ పీడీఎఫ్‌లు చదువుకోవడం, తప్పులు నోట్ చేసుకోవడం, ఆఫీసు సర్వర్‌లోకి వెళ్లి ఫైల్ తెచ్చుకోవడం, అప్పుడప్పుడు ఒక కాల్. కింద చెప్పేదంతా ఈ వాడకం నుంచి వచ్చినదే. మీ పని వేరైతే జవాబు కూడా మారొచ్చు, కానీ పరీక్షించే పద్ధతి మాత్రం మారదు.

ముందు మెషీన్ సంగతి. పైన్‌ఫోన్‌లో ఉన్నది ఆల్‌విన్నర్ ఏ64 చిప్, 2 లేదా 3 జీబీ ర్యామ్, 1440 × 720 తెర. గ్రాఫిక్స్ చిప్ మాలి-400. అది చాలా పాత తరం, ఓపెన్‌జీఎల్ ఈఎస్ అనే గ్రాఫిక్స్ ప్రమాణంలో 2.0 దాకానే వస్తుంది. అందుకని ఇంటర్‌ఫేస్ ఎంత అందంగా ఉందో స్క్రీన్‌షాట్ చూసి నిర్ణయించుకోకండి. స్క్రీన్‌షాట్‌లో జారుడు కనిపించదు, నత్తనడక కూడా కనిపించదు. మీది 2 జీబీ మోడల్ అయితే బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబ్‌లు తెరిచి, ఆ తర్వాత కీబోర్డ్ ఎంత సేపటికి పైకొస్తుందో చూడండి. అసలు సంగతి అక్కడ తెలుస్తుంది.

ఇక పరీక్షించే పద్ధతి. పైన్‌ఫోన్ ఆన్ చేయగానే ముందు మైక్రో ఎస్‌డీ కార్డు వైపే చూస్తుంది. అందులో సిస్టమ్ ఉంటే దాన్నే లేపుతుంది, లేకపోతేనే లోపలి మెమరీకి వెళ్తుంది. ఇది పెద్ద వరం. రెండు మూడు కార్డులు తీసుకుని ఒక్కోదాని మీద ఒక్కో ఇంటర్‌ఫేస్ ఇమేజ్ (సిస్టమ్ మొత్తం ఉన్న ఫైల్) రాసి, కార్డు మీద స్కెచ్ పెన్‌తో పేరు వేసుకోండి. లోపలి మెమరీ జోలికి పోనక్కర్లేదు. ఆల్పైన్ మీద కట్టిన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే ఫోన్ డిస్ట్రోలో ఒకే ఫోన్‌కి ఫోష్, ప్లాస్మా మొబైల్, ఎస్‌ఎక్స్‌ఎంఓ అనే ఇంటర్‌ఫేస్‌లు వేరువేరు ఇమేజ్‌లుగా దొరుకుతాయి కాబట్టి పోల్చి చూడడానికి అదే సుఖం. అడుగున ఉన్నది ఒకటే అయినప్పుడు కనిపించే తేడా అంతా ఇంటర్‌ఫేస్‌దే అవుతుంది. రెడీమేడ్ ఇమేజ్‌లో పిన్ 147147 అని ఉంటుంది, అది అందరికీ తెలిసినదే. లోపలికి వెళ్లగానే మార్చేయండి.

కార్డులు మార్చే ముందు వెనక మూత తీసి లోపలున్న ఆరు చిన్న స్విచ్‌లు చూసుకోండి. మోడెమ్, వైఫై, మైకు, రెండు కెమెరాలు, హెడ్‌ఫోన్, ఒక్కోదానికి ఒక్కో స్విచ్. పరీక్ష జరిగినన్నాళ్లూ మోడెమ్, మైకు స్విచ్‌లు ఆన్‌లోనే ఉంచండి. కాల్ వచ్చినప్పుడు తెర ఎలా స్పందిస్తుందో చూడకుండా ఇంటర్‌ఫేస్ గురించి ఒక మాట అనలేం.

మొదటి కార్డు ఫోష్‌కే. ప్యూరిజం కంపెనీ తమ లిబ్రెమ్ 5 ఫోన్ కోసం మొదలుపెట్టింది దీన్ని. గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ కుటుంబానికి చెందినది, కాబట్టి ఉబుంటు వాడినవాళ్లకి సెట్టింగ్స్ అన్నీ ఎక్కడో చూసినట్టే ఉంటాయి. పై పట్టీ కిందికి లాగితే వైఫై, టార్చ్, వెలుతురు. కింద పట్టీ పైకి లాగితే తెరిచి ఉన్న యాప్‌లు, వాటి కింద మిగతా యాప్‌ల జాబితా. మన పెద్దవాళ్ల చేతికిచ్చినా రెండు నిమిషాల్లో దారి తెలుసుకుంటారు.

ఫోష్‌లో నాకు నచ్చినది తెర లెక్క. 720 చుక్కల వెడల్పుని రెండింతల స్కేల్‌లో చూపిస్తుంది, అంటే యాప్‌కి దొరికేది 360. గ్నోమ్ వాళ్లు కొత్త యాప్‌లని సరిగ్గా ఆ 360 వెడల్పులో ఇమిడేలా రాయమని చెబుతారు. అందుకే క్యాలెండర్, కాంటాక్ట్స్, టెక్స్ట్ ఎడిటర్ లాంటివి తెరకి కొలిచి కుట్టినట్టు కూర్చుంటాయి. పాత డెస్క్‌టాప్ యాప్ తెరిస్తే మాత్రం సగం బటన్లు తెర బయటికి పోతాయి. దానికి మందు ఫోష్ మొబైల్ సెట్టింగ్స్ అనే యాప్‌లో ఉంది. తెరకి సరిపడా కుదించమనే ఆప్షన్ అక్కడ పెట్టుకుంటే ఏ యాప్ అయినా మొత్తం కనిపిస్తుంది. అక్షరాలు చీమతలకాయలంత అవుతాయి, అయినా ఆ ‘సేవ్’ బటన్ నొక్కగలగడమే కావాలి కదా.

ప్లాస్మా మొబైల్, గ్నోమ్‌లాంటి ఇంకో లినక్స్ డెస్క్‌టాప్ చేసే కేడీఈ వాళ్లది. చూడ్డానికి అన్నిటికంటే అందమైనది ఇదే అని ఒప్పుకోవాలి. సెట్టింగ్స్‌లో మార్చుకోలేనిది దాదాపు ఉండదు, హోమ్ స్క్రీన్ కూడా ఆండ్రాయిడ్ అలవాటున్నవాళ్లకి చాలా దగ్గరగా ఉంటుంది. కానీ మాలి-400 మీద దీని బరువు తెలిసిపోతుంది. యాప్‌లు మార్చేటప్పుడు, నోటిఫికేషన్ కిందికి లాగేటప్పుడు తెర వేలు వెనకాల పడి వస్తుంది. గట్టి చిప్ ఉన్న ఫోన్ మీదైతే నేను దీన్నే ముందు పెడతాను. మామూలు పైన్‌ఫోన్ మీద రోజువారీ పనికి మాత్రం సలహా ఇవ్వను.

గ్నోమ్ షెల్ మొబైల్ రూపం కూడా ఉంది. దానికీ బలమైన ఫోనే కావాలి.

ఎస్‌ఎక్స్‌ఎంఓ దారే వేరు. దీనికి ఐకాన్ల తెర అంటూ లేదు. పవర్ బటన్, రెండు వాల్యూమ్ బటన్లు, తెర అంచుల మీద వేలి కదలికలు, వీటితోనే నడుస్తుంది. ఒకసారి నొక్కితే ఒక మెనూ, వెంటనే రెండోసారి నొక్కితే ఇంకో మెనూ. కిటికీలు ఒకదాని మీద ఒకటి పడకుండా తెరని పంచుకుంటాయి. లోపలంతా చిన్న చిన్న షెల్ స్క్రిప్టులే, అంటే వరసగా ఆదేశాలు రాసిన ఫైళ్లే. కాల్ వస్తే ఏం జరగాలి, ఫోన్ నిద్రపోయే ముందు ఏం ఆపాలి, ఏదైనా మీరే ఫైల్ తెరిచి మార్చుకోవచ్చు. వచ్చిన ఎస్సెమ్మెస్‌లు కూడా మామూలు టెక్స్ట్ ఫైల్‌లో నంబరు వారీగా పడి ఉంటాయి. వెతుక్కోవడానికి, బ్యాకప్ తీసుకోవడానికి అంతకన్నా హాయి లేదు. ఈ పాత చిప్ మీద అన్నిటికంటే చురుగ్గా పరిగెత్తేది కూడా ఇదే.

మా మేనల్లుడు గుంటూరులో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడికి ఇదంటే ప్రాణం. “అత్తా, మెనూ మొత్తం నేను రాసుకున్నదే, చూడు” అని ఇంటికొచ్చినప్పుడల్లా చూపిస్తాడు. వాడికి అది సరైన ఎంపిక. వాడి పనంతా టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే తెరలో), ఇంగ్లిష్‌లో జరుగుతుంది. నాకు కుదరకపోవడానికి కారణం తెలుగు.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఇది ఇంగ్లిష్ రివ్యూల్లో దొరకదు. టెర్మినల్ అనేది గళ్ల కాగితం పద్ధతిలో పనిచేస్తుంది, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం. మన లిపి ఆ గళ్లలో పట్టదు. ఎవరైనా ‘స్త్రీ’ అని మెసేజ్ పంపితే ఎస్‌ఎక్స్‌ఎంఓ దాన్ని టెర్మినల్‌లో తెరుస్తుంది. నేను చూసినంతలో త ఒత్తు, ర ఒత్తు సకారం కిందికి చేరవు. ‘స్’, ‘త్’, ‘రీ’ అని మూడు ముక్కలు పక్కపక్కన నిలబడతాయి. అదే మాట మెనూలో వస్తే శుభ్రంగా కనిపిస్తుంది, ఎందుకంటే మెనూ గీసే ప్రోగ్రాము పాంగో అనే అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్‌ని వాడుతుంది, అది మన ఒత్తుల్ని సరిగ్గా పేరుస్తుంది. కాబట్టి తప్పు ఫాంటుది కాదు, ఎన్ని ఫాంట్లు మార్చినా ఫలితం ఉండదు. ఫోష్‌లో, ప్లాస్మాలో మెసేజ్‌లు మామూలు యాప్‌లో తెరుచుకుంటాయి, అక్కడ ఈ బాధ లేదు.

అందుకే ప్రతి కార్డులోనూ నేను చేసే మొదటి పరీక్ష ఇది. ఒక టెక్స్ట్ ఫైల్‌లో ‘స్త్రీ, రాష్ట్రం, జ్యోత్స్న, క్ష్మాపతి, అర్ఘ్యం’ అని రాసి పెట్టుకుంటాను. దాన్ని ఎడిటర్‌లో, బ్రౌజర్‌లో, మెసేజ్‌లో, నోటిఫికేషన్‌లో చూస్తాను. నోటిఫికేషన్‌ని మరిచిపోకండి, లాక్ తెర మీద చదివేది అదే. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, తెలుగు ఫాంటు లేదని అర్థం. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌లో నోటో తెలుగు ప్యాకేజీ వేసుకుంటే సరిపోతుంది. డెబియన్ మీద నడిచే మోబియన్ అయితే నోటోతో పాటు పోతన, వేమన ఫాంట్లు కూడా ప్యాకేజీగా దొరుకుతాయి. చిన్న తెర మీద చదవడానికి నాకు నోటోనే హాయిగా ఉంటుంది. సన్నటి గీతలున్న ఫాంట్లలో ఈ సైజుకి ఒత్తులు అలుక్కుపోతాయి.

చదవడం అయింది, రాయడం సంగతి? ఫోష్‌తో చాలాకాలంగా వస్తున్న తెర కీబోర్డ్ స్క్వీక్‌బోర్డ్. దాని లేఅవుట్ యామల్ అనే పద్ధతిలో రాసిన ఒక మామూలు టెక్స్ట్ ఫైల్. ఏ వరసలో ఏ అక్షరం ఉండాలో మాటలు రాసినట్టే రాసుకోవచ్చు. హోమ్ ఫోల్డర్‌లో దాని చోట పెట్టి, ఇన్‌పుట్ భాషల్లో తెలుగు చేర్చుకోవాలి. నేను గుణింతాల గుర్తులు ఒక పేజీలో, హల్లులు ఒక పేజీలో పెట్టుకుని, పొల్లుని మాత్రం రెండు పేజీల్లోనూ స్పేస్ బార్ పక్కనే ఉంచుకున్నాను. తెలుగు టైపింగ్‌లో చాలా ఎక్కువగా పనిచేసే కీ అది, దానికోసం పేజీ తిప్పాల్సి వస్తే విసుగొస్తుంది. మీ చేతికి తగ్గట్టు మీరు పెట్టుకోండి. మీ భాష కీబోర్డ్‌ని మీరే ఒక ఫైల్‌లో రాసుకోగలగడం, నా దృష్టిలో, ఈ ఫోన్ కొన్న డబ్బుకి పూర్తి న్యాయం.

బయటి కీబోర్డ్ వాడేవాళ్లకి ఇంకో దారి ఉంది. ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎం17ఎన్ ప్యాకేజీ చేర్చుకుంటే ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ పద్ధతులు రెండూ వస్తాయి. యూఎస్‌బీ కీబోర్డ్ తగిలించి ఇంట్లో కంప్యూటర్ మీద కొట్టినట్టే కొట్టుకోవచ్చు.

పైన్‌ఫోన్ కీబోర్డ్ కేసు ఉంటే లెక్క మళ్లీ మారుతుంది. ఫోన్ అడ్డంగా తిరుగుతుంది, అప్పుడు ఫోష్ లెక్కలో తెర ఎత్తు 360 మాత్రమే. పై పట్టీ, యాప్ టైటిల్ పట్టీ పోగా మిగిలేది కొంచెమే. అప్పుడు స్కేల్ రెండు నుంచి ఒకటిన్నరకి తగ్గించుకోండి, ఊపిరి ఆడుతుంది. ఎప్పుడూ కీబోర్డ్‌తోనే వాడేవాళ్లకి ఎస్‌ఎక్స్‌ఎంఓ నిజంగా మంచిది. వేలు తెర దాకా వెళ్లే పనే ఉండదు. ఒక జాగ్రత్త: ఆ కేసులో 6000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉంటుంది. కేసు తగిలించి ఉన్నప్పుడు ఛార్జర్ కీబోర్డ్ పోర్టుకే పెట్టాలి, ఫోన్ పోర్టుకి పెట్టకూడదు.

లోమిరి అనే ఇంకో ఇంటర్‌ఫేస్ గురించి కూడా చెప్పాలి. ఇది ఉబుంటు తయారుచేసే కెనానికల్ కంపెనీ వదిలేసిన యూనిటీ 8. 2017లో వాళ్లు చేతులెత్తేస్తే యూబీపోర్ట్స్ బృందం అందుకుని నిలబెట్టింది. ఉబుంటు టచ్ అనే ఫోన్ సిస్టమ్‌తో వస్తుంది. ఎడమ అంచు నుంచి లాగితే యాప్‌లు, కుడి అంచు నుంచి లాగితే తెరిచి ఉన్నవి. ఒంటి చేత్తో వాడడానికి దీనంత ఆలోచించి చేసినది ఇంకోటి లేదు. కానీ సిస్టమ్ భాగం మార్చడానికి వీల్లేకుండా మూసి ఉంటుంది, యాప్‌లు తమ స్టోర్ నుంచే తెచ్చుకోమంటుంది. టెర్మినల్ ముఖం చూడకుండా ఫోన్‌ని ఫోన్‌లా వాడుకోవాలనుకునేవాళ్లకి పెట్టండి. నాలాగా ప్యాకేజీలు వేసుకుంటూ పోయేవాళ్లకి నాలుగు రోజుల్లో చేతులు కట్టేసినట్టు ఉంటుంది.

పైన్‌ఫోన్ లేకుండా ఇదంతా చదువుతున్నవాళ్లు వన్‌ప్లస్ 6 వైపు చూడండి. 2018లో మన దేశంలో బాగా అమ్ముడైన ఫోన్, సెకండ్ హ్యాండ్‌లో వెతకొచ్చు. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ దాని మీద బాగా నడుస్తుంది. చిప్ బలమైన స్నాప్‌డ్రాగన్ 845 కాబట్టి ప్లాస్మా మొబైల్, గ్నోమ్ షెల్ రెండూ పరిగెత్తుతాయి. అయితే దానికి ఎస్‌డీ కార్డు చోటు లేదు. ఇంటర్‌ఫేస్ మార్చిన ప్రతిసారీ ఫోన్‌లోనే కొత్తగా ఫ్లాష్ చేయాలి. దానికి ముందు బూట్‌లోడర్ (ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే ప్రోగ్రాము) తాళం తియ్యాలి. అది అన్‌లాక్ చేయగానే పాత డేటా అంతా తుడిచిపెట్టుకుపోతుంది, ఫొటోలు ముందే తీసిపెట్టుకోండి. ఆ ఫోన్‌కైతే ఒక్కో ఇంటర్‌ఫేస్‌ని కనీసం వారం పాటు వాడి చూశాకే మార్చండి.

పరీక్షించేటప్పుడు ఇంటర్‌ఫేస్ తప్పు కానివాటిని దాని మీద రుద్దకండి. ఫొటో మసకగా వస్తే అది కెమెరా డ్రైవర్ సంగతి. జియో సిమ్‌లో డేటా వచ్చి కాల్స్ రాకపోతే అది మోడెమ్‌లో వోల్టీ (4జీ మీద కాల్ చేసే పద్ధతి) సంగతి. జియోకి 4జీ కంటే కింది నెట్‌వర్క్ లేదు కాబట్టి వోల్టీ లేకపోతే కాల్ వెళ్లదు. కార్డు మార్చినంత మాత్రాన ఇవేవీ బాగుపడవు. ఇంటర్‌ఫేస్‌ని చూడాల్సింది వేరే చోట్ల. లాక్ పడి ఉన్నప్పుడు కాల్ వస్తే ఒక్క చేత్తో ఎత్తగలిగారా? కీబోర్డ్ పైకొచ్చినప్పుడు మీరు రాస్తున్న లైను దాని వెనక దాక్కుందా? జేబులో పెట్టుకుంటే తెర దానంతటదే వెలుగుతోందా? పొద్దున అలారం మోగిందా? అలారం పరీక్ష రాత్రి ఫోన్‌ని నిద్రపోనిచ్చి చేయాలి. మెలకువగా ఉన్నప్పుడు మోగిన అలారం, గాఢనిద్రలో ఉన్నప్పుడు మోగకపోవచ్చు. దాని మీద నమ్మకం కుదిరేదాకా పక్కన ఇంకో గడియారం ఉంచుకోండి.

ఒకదాని మీద మనసు కుదిరాక లోపలి మెమరీలోకి మార్చేటప్పుడు, పాత ఇంటర్‌ఫేస్ తీసేసి దాని మీదే కొత్తది వేయొద్దు. వేయొచ్చు, పనిచేస్తుంది కూడా, కానీ పాతదాని సెట్టింగ్ ఫైళ్లు హోమ్ ఫోల్డర్‌లో మిగిలిపోయి తర్వాత ఎక్కడెక్కడో అడ్డుపడతాయి. కొత్త ఇమేజ్ శుభ్రంగా రాసి, మీ ఫైళ్లు, కాంటాక్టులు, ఆ కీబోర్డ్ లేఅవుట్ ఫైలు మాత్రం చేత్తో తెచ్చి పెట్టుకోండి. మీరు వాడిన కార్డుని చెరపకుండా పర్సులో ఉంచండి. ఎప్పుడైనా అప్‌డేట్ తర్వాత ఫోన్ లేవకపోతే, ఆ కార్డు పెట్టి ఆన్ చేసి లోపలి ఫైళ్లు బయటికి తీసుకోవచ్చు.