గుమ్మడి పిందెలు పసుపు రంగుకి తిరిగి రాలిపోతున్నాయా?

పెరట్లో గుమ్మడి పాదు పెట్టినవాళ్ళు ఎక్కువమంది పిందె రాలగానే ఎరువు తక్కువైందనుకుని ఇంకా వేసేస్తారు, అలా యూరియా లాంటివి ఎక్కువైతే ఆకులు, తీగే పెరుగుతాయి తప్ప కాయ నిలవదు. చాలాసార్లు అసలు సంగతి తేనెటీగలు రాకపోవడం, పుప్పొడి అందకపోవడం.

మొదట్లో వచ్చేవన్నీ మగపూలే, సన్నటి కాడతో ఉంటాయి, వాటికి కాయలు రాలేదని కంగారు పడొద్దు. పువ్వు కింద చిన్న గుమ్మడికాయలా బుడిపె ఉంటే అది ఆడపువ్వు. అది విచ్చుకున్న రోజే, పొద్దున్నే ఎండెక్కకముందు, అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి రేకులు తీసేసి మధ్యలో ఉన్న పుప్పొడి కాడని ఆడపువ్వు మధ్యభాగానికి అంతా తగిలేలా మెల్లగా రుద్దండి, పదింటికల్లా పూలు ముడుచుకోవడం మొదలెడతాయి కాబట్టి టిఫిన్ తర్వాత చూద్దాంలే అనుకోకండి. సంక్రాంతి టైంలో గొబ్బెమ్మలకి పూలు కోసేటప్పుడు కూడా మగపూలే కోయండి ప్లీజ్, అవి కూడా నాలుగైదు పాదు మీద వదిలేయండి.

పిందె నిలిచాక పండు ఈగ కుట్టకుండా పల్చటి గుడ్డ సంచి వదులుగా కట్టండి.

గోరు గుచ్చినా తొక్క దిగకుండా గట్టిపడి, తొడిమ ఎండినట్టయ్యాకే కోయాలి. తొడిమ రెండు మూడంగుళాలు ఉంచి కోయండి, అది పట్టుకుని ఎత్తొద్దు, ఊడితే అక్కడ్నుంచే కుళ్ళు మొదలవుతుంది. కడగకుండా గాలి తగిలే చోట ఓ వారం పది రోజులు ఆరనిస్తే నెలల తరబడి నిల్వ ఉంటుంది.