సోలార్, గాలి లెక్కలు వెతికేటప్పుడు

స్కూల్ ప్రాజెక్టుకి ప్రత్యామ్నాయ ఇంధనాల గురించి వెతుకుతుంటే ముందు యూనిట్ చూడండి. మెగావాట్ అంటే ప్లాంటు సామర్థ్యం, మెగావాట్-అవర్ అంటే నిజంగా తయారైన కరెంటు. ఈ రెంటినీ కలిపేస్తే పోలిక మొత్తం తప్పుతుంది. 1 మెగావాట్ సోలార్ ప్లాంటు 24 గంటలూ పూర్తిగా నడిస్తే రోజుకి 24 మెగావాట్-అవర్లు రావాలి. రాత్రి ఎండ ఉండదు కదా, బాగా ఎండ కాసే చోట కూడా వచ్చేది సుమారు 5, 6 మాత్రమే!

గాలిమరలది ఇంకో మెలిక. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి 8 రెట్లవుతుంది, కాబట్టి సగటు వేగం ఒక్కటే చూసి లెక్క కట్టకండి. ప్రతి అంకె పక్కనా అది ఏ సంవత్సరానిదో రాసుకోండి. 2010 తర్వాత సోలార్ ప్యానెళ్ల ధరలు బాగా పడిపోయాయి, పాత వ్యాసంలో ఉన్న ఖర్చు ఇప్పటికి సరిపోదు.