మామిడి మోసిన పికప్ వానలోకి దిగే ముందు

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట వైపు తోటల్లో ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం దాకా పికప్ బండికి తీరిక ఉండదు. తెల్లవారకముందే తోటలో లోడు ఎత్తడం, ఎండ ముదిరేలోపు విజయవాడ దగ్గరి నున్న మామిడి మార్కెట్లో దింపడం, ఖాళీ క్రేట్లు వేసుకుని మళ్లీ వెనక్కి రావడం. రోహిణి కార్తె ఎండల్లో నిండు లోడుతో అలా తిరిగి తిరిగి, ఒక్కరోజు కూడా ఆగకుండా బండి మృగశిర వానలోకి దిగుతుంది. నా దిగులంతా అక్కడే. బండి బాగా అరిగిపోయి ఉండే వారమే రోడ్డు బాగా జారే వారం కూడా. అందుకే మే ఆఖర్లో ఒక ట్రిప్పు కిరాయి పోయినా సరే, ఒక రోజు బండి ఆపి చూసుకోండని తోటి డ్రైవర్లకు చెబుతుంటాను. ఆ రోజు ఏమేం చూడాలో, తర్వాత వానలో ఎలా నడపాలో నాకు తెలిసినంత రాస్తున్నాను. నా బండి బొలేరో పికప్. దోస్త్, ఇంట్రా, ఏస్ నడిపేవాళ్లకు కూడా చాలావరకు ఇవే వర్తిస్తాయి.

మొదట టైర్లు. టైరు గాడి అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న దిమ్మ ఉంటుంది. పైన రబ్బరు అరిగి ఆ దిమ్మతో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, ఇక ఆ టైరు పని అయిపోయినట్టే. కానీ వానాకాలానికి అంతదాకా ఆగకూడదు. టైరు కింద పడ్డ నీళ్లు బయటికి పోవాలంటే గాడి లోతుగా ఉండాలి. 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయడం మంచిది. చిన్న ప్లాస్టిక్ స్కేలు గాడిలో గుచ్చి చూస్తే తెలిసిపోతుంది. ఒకచోట చూసి వదిలేయొద్దు. లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడూ చూడండి. ఒక అంచే అరిగితే చక్రాల అలైన్‌మెంట్ తప్పింది, మధ్యలో అరిగితే గాలి ఎక్కువైంది, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైంది. డబ్బు సర్దుబాటు కాక రెండు టైర్లే కొనగలిగినా, రీట్రెడ్ టైర్లు (పాత టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి) మాత్రం ముందు చక్రాలకు వేయకండి.

గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోరు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. ముందుకి ఎంత, వెనక్కి ఎంత, లోడు ఉంటే ఎంత అని విడివిడిగా రాస్తారు. పొద్దున్నే బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలిపించాలి. నలభై కిలోమీటర్లు వచ్చాక కొలిస్తే ఆ వేడికి గాలి ఎక్కువ చూపిస్తుంది, అది నమ్మి తీసేస్తే మర్నాటికి తక్కువైపోతుంది.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి. వానలో లోడు బండి కంటే ఖాళీ బండి ఎక్కువ జారుతుంది. ఇంజను బరువు, క్యాబిన్ బరువు అంతా ముందు ఉంటుంది. వెనక కమాను పట్టీలు (లీఫ్ స్ప్రింగులు) లోడు మోయడానికి గట్టిగా కట్టినవి. ఖాళీగా ఉన్నప్పుడు వెనక చక్రాల మీద బరువే ఉండదు, పైగా బండిని నెట్టేవి ఆ చక్రాలే. నాలుగేళ్ల కిందట జూన్‌లో మొదటి చినుకులు పడుతుండగా మార్కెట్ నుంచి ఖాళీగా వస్తున్నాను. వేగం యాభై కూడా లేదు. గేదె అడ్డం వస్తే బ్రేకు తొక్కాను. వెనక భాగం నన్ను దాటి ముందుకు వచ్చేసి, బండి అడ్డం తిరిగి రోడ్డు పక్క మట్టిలో ఆగింది. ఎదురుగా ఏ బండీ రాలేదు కాబట్టి ఈ రోజు ఇది రాయగలుగుతున్నాను. వేసవంతా రోడ్డు మీద కారిన ఆయిల్, దుమ్ము, టైర్ల రబ్బరు పొడి మొదటి చినుకులకు కలిసి జిడ్డులా పరుచుకుంటాయి. గట్టివాన పడి కడిగేదాకా ఆ జిడ్డు అక్కడే ఉంటుంది. ఆ అరగంట టీ తాగుతూ ఆగినా నష్టం లేదు. ఆగలేకపోతే నలభై దాటకండి, మలుపు రాకముందే గేరు తగ్గించండి, మలుపులో బ్రేకు తొక్కకండి.

బ్రేకుల గురించి మాట్లాడేటప్పుడు కమాను పట్టీల సంగతి కూడా చెప్పాలి. సీజన్ మొదట్లో ఎక్కువ క్రేట్లు పట్టాలని చాలామంది వెనక ఒక పట్టీ అదనంగా వేయిస్తారు. నేనూ వేయించాను, వేసిన మెకానిక్ గానీ ఇంకెవరు గానీ నాకు ఇది చెప్పలేదు. చాలా పికప్‌లలో వెనక ఇరుసుకీ ఛాసిస్‌కీ మధ్య ఒక వాల్వు ఉంటుంది. లోడు పడి బాడీ కిందికి దిగితే ఆ వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ బలం ఇస్తుంది, ఖాళీగా ఉంటే తగ్గిస్తుంది. అదనపు పట్టీ వేస్తే నిండు లోడు పడినా బాడీ దిగదు. బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకు తగ్గిస్తుంది. టన్నున్నర సరుకు వెనక నుంచి నెడుతుంటే బ్రేకు భారమంతా ముందు చక్రాల మీదే పడుతుంది. తడి రోడ్డు మీద ఇది ప్రాణం మీదికి తెస్తుంది. పట్టీ వేయించి ఉంటే తీయించండి, లేదా వాల్వు సెట్టింగ్ తెలిసిన మెకానిక్ చేత సరిచేయించండి. నేను తీయించేశాను. లోడు కూడా లెక్కప్రకారం చూసుకోండి. క్రేటుతో కలిపి 22 కేజీలు అనుకుంటే, 1.7 టన్నులు మోసే బండికి 77 క్రేట్లే. వాన పడ్డాక క్రేట్లు, గోనెలు తడిసి బరువు ఇంకా పెరుగుతుంది. ఓవర్‌లోడ్‌కు మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000. ఎన్నో కిరాయిలు తిరిగితే గానీ ఆ డబ్బు పూడదు.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లు దాటితే మార్పించండి. నీళ్లలోంచి బయటికొచ్చాక వెనక్కి ముందుకు చూసుకుని, నెమ్మదిగా పోతూ పెడల్‌ను రెండు మూడు సార్లు తేలిగ్గా తొక్కితే బ్రేకులు ఆరతాయి. అది చేయకుండా వేగం అందుకోకూడదు.

వైపర్ రబ్బరు ఎండకు గట్టిపడి బీటలు వారుతుంది. ఎండాకాలంలో దాని అవసరం రాదు కాబట్టి మొదటి వానలోనే ఆ సంగతి బయటపడుతుంది, అదీ రాత్రి పూట. రెండు బ్లేళ్లూ ముందే మార్చేయండి. అద్దం మీద పొగ, ఆయిల్ పొర ఉంటే కొత్త బ్లేడు కూడా మసక చేస్తుంది. అద్దాన్ని లోపలా బయటా షాంపూ నీళ్లతో కడిగి మంచినీళ్లతో తుడవండి. ఏసీ లేని బండ్లలో వానకు లోపల ఆవిరి పట్టేస్తుంది. బ్లోయర్ అద్దం వైపు తిప్పి, రెండు కిటికీలూ వేలెడంత తెరిచి ఉంచితే చాలావరకు పోతుంది.

లైట్లు వెలుగుతున్నాయా అని మాత్రమే చూస్తే సరిపోదు. వెనక లోడు పడితే బండి ముక్కు పైకి లేస్తుంది, డిమ్ లైటు కూడా ఎదుటివాడి కళ్లలో కొడుతుంది. తడి రోడ్డు మీద అది ఇంకా ఘోరం. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి అంకెలున్న చిన్న చక్రం ఉంటే, అది లైటు కిందికి దించడానికే. ఖాళీగా ఉంటే 0, లోడు పెరిగేకొద్దీ పై అంకె. ఏళ్లుగా బండి నడుపుతూ దాన్ని ఒక్కసారి కూడా తిప్పనివాళ్లను చూశాను.

టార్పాలిన్ పట్టా, మా ఇళ్లలో బరకం అంటాం, ఎండలో సరుకు మీద కప్పితే చాలు. వానలో అలా కాదు. వెనక వేలాడే కొస టెయిల్ లైట్లను, ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్‌ను పూర్తిగా మూసేస్తుంది. వెనకొచ్చే లారీకి చీకట్లో ఒక నల్ల ముద్ద తప్ప ఏమీ కనబడదు. కట్టాక బండి దిగి, ఇరవై అడుగులు వెనక్కి నడిచి, పార్కింగ్ లైట్లు వేయించి చూడండి. వెనక డోరు కిందికి దించి సరుకు బయటికి పెడితే కూడా అంతే, లైట్లు దాక్కుంటాయి. బరకం మధ్యలో గుంట పడకుండా కట్టాలి. గుంటలో నిలిచిన నీళ్లు బకెట్ల కొద్దీ ఉంటాయి, మలుపులో అంతా ఒక పక్కకు ఊగుతాయి. కొబ్బరి తాళ్లు తడిస్తే బిగుసుకుంటాయి, ఎండ వచ్చి ఆరగానే వదులవుతాయి. వాన వెలిసి ఎండ కాసినప్పుడు ఆగి తాళ్లు లాగి చూడటం అలవాటు చేసుకోండి.

వాగుల దగ్గరకు వద్దాం. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు, ఇవన్నీ ఎండాకాలంలో పిల్లలు ఆడుకునే ఇసుక. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ చినుకు లేకపోయినా గంటల్లో పొంగుతాయి. చప్టా మీద నీళ్లు పారుతుంటే పికప్ ఎత్తుగా ఉంది కదా అని దిగకండి. అడుగు లోతు నీళ్లకే చిన్న కార్లు తేలతాయి. రెండడుగుల నీళ్లు పారుతుంటే పికప్ కూడా కొట్టుకుపోతుంది. పైగా నీళ్ల కింద చప్టా ఉందో, కొట్టుకుపోయిందో పైనుంచి తెలియదు. మామిడి పాడైపోతుందని, రైతు ఫోన్ చేస్తున్నాడని టెన్షన్ ఉంటుంది. ఉండనివ్వండి. చుట్టూ తిరిగి వెళ్లండి, దారి లేకపోతే ఆగండి.

పారని, నిలిచిన నీళ్లయితే, అదీ లోతు తెలిసిన చోటైతే, మొదటి గేరులో ఒకే వేగంతో, యాక్సిలరేటర్ వదలకుండా, మధ్యలో గేరు మార్చకుండా దాటాలి. మీ ముందున్న బండి పూర్తిగా బయటపడ్డాకే మీరు నీళ్లలోకి దిగండి. నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. ఎయిర్ ఫిల్టర్ గుండా నీళ్లు సిలిండర్‌లోకి పోతే, పిస్టన్ ఆ నీళ్లను నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదలో విజయవాడ అజిత్‌సింగ్ నగర్ వైపు ఎన్నో బండ్లు మునిగాయి. నీళ్లలో మునిగిన బండిని ఆదుర్దాగా స్టార్ట్ చేస్తే ఇంజను పాడవడమే కాదు, మామూలు ఇన్సూరెన్స్‌లో ఆ నష్టానికి డబ్బు రాదని కూడా అంటారు. బండిని తోసుకుని గట్టు ఎక్కించి, ఎయిర్ ఫిల్టర్ తీసి చూసి, తడిగా ఉంటే మెకానిక్ వచ్చేదాకా తాళం ముట్టుకోకండి. వీలుంటే ఇన్సూరెన్స్ రెన్యువల్ రోజునే ఇంజను రక్షణ కవర్ అడగండి.

డీజిల్ ఫిల్టర్‌లో నీళ్లున్నట్టు లైటు వెలిగితే ఆ నీళ్లు ఆ రోజే తీయించండి. బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లపొడిని వేడినీళ్లతో కడిగి, ఆరాక కాస్త వాజిలిన్ రాయండి. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పొల్యూషన్, ఇన్సూరెన్స్ తేదీలు ఫోన్‌లో పెట్టుకోండి.

స్టెప్నీని ఒకసారి కిందికి దింపండి. బాడీ కింద గొలుసుకు వేలాడుతూ ఏడాదంతా బురద, నీళ్లు తాగుతుంది. తుప్పు పట్టి బిగుసుకుపోతే రాత్రి వానలో దాన్ని దింపలేరు. గొలుసుకు గ్రీజు పెట్టి, స్టెప్నీలో గాలి చూసి మళ్లీ ఎక్కించండి. జాకీ, పానాతో పాటు క్యాబిన్‌లో ఒక మందపాటి చెక్క పలక, రెండు చెక్క మొద్దులు వేసుకోండి. తడి మట్టిలో జాకీ కూరుకుపోయి బండి మీద పడకుండా పలక కింద పెట్టాలి, మొద్దులు చక్రాలకు అడ్డంగా వేయాలి. టైరు మార్చాక యాభై కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్లీ బిగించండి.

ఇంకొకటి ఉంది, ఇది చెప్పకపోతే నేను రాసిందంతా సగమే. జూన్, జూలైల్లో నాట్లకు ఆడకూలీలను ఊళ్లు దాటించేది మన బండ్లే. సరుకు మీద కూర్చోబెట్టి, బరకం కప్పుకోమని చెప్పి తీసుకెళ్తాం. నేనూ తీసుకెళ్లాను, ఇప్పుడు మానేశాను. బాడీలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. బండి జారితే వాళ్లే ముందు పడతారు, లోడు వాళ్ల మీద పడుతుంది. సరుకు బండి ఇన్సూరెన్స్ వాళ్లకు వర్తించదు, పరిహారం భారం ఓనరు మీదే పడుతుంది, కానీ ఆ కుటుంబానికి పోయేది డబ్బు లెక్కలో తేలేది కాదు. కూలీల మేస్త్రి కిరాయి మాట్లాడేటప్పుడే, నారు కట్టలు నా బండిలో వేస్తాను, మనుషులకు ఆటో పెట్టు, ఆటో డబ్బులో కొంత నా కిరాయిలో తగ్గించుకో అని చెబుతున్నాను. పోయినేడు ఇద్దరు మేస్త్రిలు ఒప్పుకున్నారు. ఈసారి ఇంకో ముగ్గురితో మాట్లాడాలి.