వెన్నెల రాత్రి కొండలు, నక్షత్రాలు: ఫొటో ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

రాత్రి తీసిన ఫొటో పాడైందని చాలామందికి ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూసుకున్నాకే తెలుస్తుంది. చీకటికి అలవాటుపడ్డ కళ్లకు కెమెరా స్క్రీన్ మీద ఏ ఫొటో అయినా వెలుగులీనుతున్నట్టే ఉంటుంది, చిన్న సైజులో చూస్తే అన్నీ పదునుగానే అనిపిస్తాయి. అందుకని కొండ దగ్గరికి వెళ్లగానే స్క్రీన్ బ్రైట్‌నెస్ బాగా తగ్గించండి, వెలుతురు సంగతి కంటితో కాకుండా హిస్టోగ్రామ్‌తో (ఫొటోలో చీకటి ఎడమవైపు, వెలుతురు కుడివైపు ఎంతుందో చూపించే గ్రాఫ్‌తో) తేల్చుకోండి, ఫ్రేమ్ మార్చిన ప్రతిసారీ మొదటి ఫొటోని పూర్తిగా జూమ్ చేసి చూడండి. కింద రాసినవన్నీ అక్కడికక్కడే దొరికిపోయే తప్పులే.

నక్షత్రాలు ఉబ్బిన మచ్చల్లా ఉన్నాయి

ఇది ఫోకస్ సమస్య, అన్నిటికంటే ఎక్కువ ఫొటోలు పోయేది దీనివల్లే. చీకట్లో ఆటోఫోకస్‌కి పట్టు దొరకదు. పోనీ ఇన్ఫినిటీ గుర్తు దాకా రింగ్ తిప్పేద్దామంటే, చాలా లెన్సుల్లో ఆ రింగ్ గుర్తు దాటి కూడా తిరుగుతుంది, అసలు ఫోకస్ కుదిరే చోటు గుర్తుకి కాస్త అటో ఇటో ఉంటుంది.

మాన్యువల్ ఫోకస్‌లో పెట్టి, లైవ్ వ్యూ (లెన్స్ చూసేదాన్ని స్క్రీన్ మీద చూపించేది) ఆన్ చేసి, బాగా మెరిసే చుక్కని, సిరియస్ గానీ వేగా గానీ గురుగ్రహం గానీ, ఫ్రేమ్ మధ్యకి తెచ్చుకుని పది రెట్లు జూమ్ చేయండి. రింగ్‌ని వెంట్రుకవాసి కదుపుతుంటే ఆ తెల్లటి గుండ్రటి మచ్చ తగ్గుతూ తగ్గుతూ సూదిమొనంత అవుతుంది. ఇంకొంచెం తిప్పితే మళ్లీ ఉబ్బుతుంది, అప్పటిదాకా కనిపించిన చిన్న చుక్కలు చుట్టుపక్కల నుంచి మాయమవుతాయి. అటూ ఇటూ రెండు మూడుసార్లు దాటించి, అతి చిన్నగా కనిపించిన చోట ఆపేయండి. చంద్రుడు పైకొచ్చి ఉంటే చంద్రుడి అంచు మీద కూడా ఇలాగే చేయొచ్చు.

ఆ తర్వాత రింగ్‌కి టేప్ వేయండి. నేను ఒకసారి వేయలేదు. ఫ్రేమ్ మార్చేటప్పుడు గ్లవ్స్ వేసుకున్న చేత్తో జూమ్ రింగ్ అనుకుని ఫోకస్ రింగ్ తిప్పేశాను, రెండు గంటల ఫొటోలు పోయాయి. చలి పెరిగేకొద్దీ కూడా ఫోకస్ కొద్దిగా జరుగుతుంది కాబట్టి గంటకోసారి మళ్లీ చూసుకోవడం మంచిది.

చుక్కలు గీతల్లా సాగాయి

ముందు కొండ అంచుని జూమ్ చేసి చూడండి. అంచు పదునుగా ఉండి చుక్కలు మాత్రమే సాగితే అది భూమి తిరగడం వల్ల: ఆకాశం గంటకు 15 డిగ్రీలు కదులుతుంది. 500ని ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండే అంకెతో) భాగిస్తే ఎన్ని సెకన్లు తెరిచి ఉంచొచ్చో వస్తుందని అందరూ చెప్పే లెక్క. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా మీద 20 ఎంఎం లెన్స్‌కి 25 సెకన్లు. అంతకంటే చిన్నదైన 1.5 క్రాప్ సెన్సార్ అయితే ముందు 20ని 1.5తో గుణించాలి, అందుకని 16. మెగాపిక్సెల్స్ ఎక్కువున్న కెమెరాల్లో ఇది సరిపోవడం లేదు, నేనైతే 300తోనే మొదలుపెడతాను, అంటే అదే 20 ఎంఎంకి ఫుల్ ఫ్రేమ్ మీద 15 సెకన్లు.

కొండ అంచు కూడా రెండుగా కనిపిస్తే ట్రైపాడ్ కదిలింది. మధ్య కాలమ్ పూర్తిగా దించండి, లెన్స్ స్టెబిలైజేషన్ ఆపేయండి, టైమర్ పెట్టండి. కాళ్లు మంచులో గుచ్చితే కాసేపు కూరుకుపోతూనే ఉంటాయి, బాగా నొక్కి కొన్ని నిమిషాలు ఆగాకే మొదలుపెట్టాలి. ఇక మూలల్లోని చుక్కలకు మాత్రమే రెక్కలొచ్చినట్టు ఉంటే అది లెన్స్ లోపం, ఎపర్చర్‌ని (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రాన్ని) ఒక స్టాప్, అంటే వెలుతురు సగమయ్యేంత, మూస్తే చాలావరకు తగ్గుతుంది.

ఆకాశం బాగుంది, కొండ నల్లముద్దలా ఉంది

ఇక్కడ సెట్టింగ్స్ కంటే ముందు చంద్రుడు ఎక్కడున్నాడో చూడాలి. కొండ వెనకుంటే మీకు కనిపించేది దాని నీడవైపు. మీ వెనక నుంచో, ఇంకా బాగుండాలంటే పక్క నుంచో వెన్నెల పడాలి, అప్పుడే లోయలు, గట్లు విడివిడిగా తెలుస్తాయి. యాప్‌లో చూపించే చంద్రోదయం సమయం చదునైన నేలకు లెక్కగట్టింది. ఎత్తైన కొండల మధ్య ఉంటే వెన్నెల మీదాకా రావడానికి ఇంకా చాలా సేపు పట్టొచ్చు. ముందు శిఖరం మీద పడి మెల్లగా కిందికి దిగుతుంది, ఆ దిగే సమయమే నాకు అన్నిటికంటే ఇష్టం. ఇంకో విషయం, అర్ధచంద్రుడంటే పౌర్ణమిలో సగం వెలుతురు అనుకోకండి, సుమారు పదో వంతే ఉంటుంది. పౌర్ణమికి ఎపర్చర్ ఎఫ్ 2.8, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 400, 15 సెకన్లతో మొదలుపెడితే అర్ధచంద్రుడికి ఐఎస్ఓ 3200 దాకా వెళ్లాల్సి వస్తుంది.

శుక్లపక్షం అష్టమి నాటి చంద్రుడు దాదాపు అర్ధరాత్రికి అస్తమిస్తాడు. ట్రైపాడ్ కదపకుండా ముందు వెన్నెల్లో కొండని, చంద్రుడు దిగిపోయాక చీకటి ఆకాశాన్ని తీసి రెండూ కలపొచ్చు.

ఫొటో పగలు తీసినట్టుంది, చుక్కలు నాలుగే ఉన్నాయి

వెన్నెల కూడా సూర్యకాంతే కాబట్టి ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఆకాశం పగటిలాగే నీలంగా వస్తుంది. ఐఎస్ఓ తగ్గించండి, చంద్రుడికి దూరంగా ఉన్న ఆకాశాన్ని ఎంచుకోండి. పౌర్ణమి రాత్రి పాలపుంత కావాలంటే కుదరదు, అమావాస్య తర్వాత నాలుగైదు రోజుల చంద్రుడైతే కొండకీ చుక్కలకీ ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. మంచుకొండ అయితే హిస్టోగ్రామ్ కుడి చివర తగులుతోందేమో చూసుకోండి, మంచు తొందరగా తెల్లగా కాలిపోతుంది. రంగు కోసం రా ఫైల్‌లో (కెమెరా మార్చకుండా దాచే అసలు ఫైల్‌లో) తీసి వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సెట్టింగ్) 4000 కెల్విన్ దగ్గర ఉంచితే చాలు.

మొదటి ఫొటోలు బాగున్నాయి, పోనుపోను మసకబారాయి

లెన్స్ మీద తేమ. మబ్బులేని రాత్రి లెన్స్ గాజు తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, గాలిలో తేమ దానిమీద పేరుకుంటుంది. ఎదురుగా చూస్తే తెలియదు, టార్చ్‌ని పక్క నుంచి వేస్తే సన్నటి పొర కనిపిస్తుంది. తుడిస్తే ఐదు నిమిషాల్లో మళ్లీ వస్తుంది. హీటర్ పట్టీ చుట్టండి, లేదా చేతులు వేడిచేసుకునే ప్యాకెట్‌ని లెన్స్ చుట్టూ రబ్బరు బ్యాండ్‌తో కట్టండి, కానీ తేమ పట్టకముందే కట్టాలి. దగ్గరగా వంగి ఊపిరి వదలకండి.

చిన్నవి రెండు

బ్యాటరీ సగం రాత్రికే అయిపోతే కారణం చలి, రెండోది లోపలి జేబులో ఒంటికి తగిలేలా ఉంచుకోండి, చల్లబడి ఆగిపోయింది కూడా వెచ్చబడితే కొంత పనిచేస్తుంది. నీడల్లో నాయిస్ (ఇసుక చల్లినట్టుండే మచ్చలు) ఎక్కువుంటే, ఐఎస్ఓకి భయపడి చీకటిగా తీసి తర్వాత ఎడిటింగ్‌లో పెంచి ఉంటారు. అక్కడే సరిపడా వెలుతురుతో తీసేయండి, అవే సెట్టింగ్స్‌తో పది ఫొటోలు తీసి స్టాక్ చేస్తే (సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిమీద ఒకటి కలిపితే) ఇంకా శుభ్రంగా వస్తుంది.

చలిలోంచి వెచ్చటి గదిలోకి వెళ్లేముందు కార్డ్ బయటికి తీసుకుని, కెమెరాని ప్లాస్టిక్ సంచిలో పెట్టి గాలి చొరకుండా మూసేయండి, లోపలికి వెళ్లాక రెండు మూడు గంటలు తెరవకండి. తెరిస్తే తేమ కెమెరా లోపలికే చేరుతుంది.