పదాల వేట – 4వ పాఠం: పక్కన యు లేని క్యూ

ఇంగ్లీషు అక్షరాల బిళ్ళల్ని బోర్డు మీద పేర్చి మాటలు కట్టే స్క్రాబుల్ ఆట గురించి ఈ పాఠాలు. పోయిన పాఠంలో రెండక్షరాల మాటలు చూశాం, వాటిలో ఇంగ్లీషు వి అక్షరం ఉన్న మాట ఒక్కటీ లేదని కూడా చెప్పుకున్నాం. అది మర్చిపోకండి. ఈసారి క్యూ సంగతి చూద్దాం.

స్క్రాబుల్ సంచిలో మొత్తం 100 బిళ్ళలు ఉంటాయి. అందులో క్యూ ఒక్కటే, దాని విలువ 10. యు బిళ్ళలు నాలుగే. చిన్నప్పుడు బళ్ళో క్యూ పక్కన యు తప్పకుండా రావాలని నేర్పించారు కాబట్టి, చేతిలో క్యూ పడగానే అందరికీ టెన్షన్ మొదలవుతుంది, యు వస్తుందేమోనని ఎదురుచూస్తూ మంచి మంచి వంతులు పాడుచేసుకుంటాం, తీరా ఆట అయిపోయేసరికి ఆ క్యూ మన దగ్గరే మిగిలిపోతుంది. అప్పుడు మన స్కోరులో 10 కోత, అవతలివాళ్ళు బిళ్ళలన్నీ ముందే వాడేసి ఉంటే ఆ 10 వాళ్ళకి చేరతాయి, అంటే 20 తేడా. మా పెద్దమ్మగారి అబ్బాయితో ఆడిన ఒక ఆట నేను 14 పాయింట్లతో ఓడిపోయాను. అప్పుడు నా చేతిలో క్యూతో పాటు టి, ఏ, ఎల్ ఉన్నాయి, బోర్డు మీద చుట్టూ ఖాళీ ఉన్న ఏ ఒకటి ఉంది. తలాక్ అని పేర్చి ఉంటే ఆట నాదే. టి-ఏ-ఎల్-ఏ-క్యూ, ఈ ఆటలో చెల్లే మాటలన్నీ ఉండే ఇంగ్లీషు పద జాబితాల్లో ఉన్న మాటే. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట ఆ నిమిషానికి తట్టలేదు.

ఈ పాఠంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే. యు లేని క్యూ మాటల కోసం ఇంగ్లీషు డిక్షనరీ బట్టీ పట్టక్కర్లేదు, వాటిలో చాలా మాటలు మన చెవిలో ముందే ఉన్నాయి. అరబీ, ఫారసీ, ఉర్దూల నుంచి వెళ్ళిన మాటల్లో గొంతు లోపలి నుంచి పలికే ఒక 'క' ఉంటుంది, దాన్ని ఇంగ్లీషులో క్యూతో రాస్తారు. అదే అక్షరాన్ని మన హైదరాబాద్ ఉర్దూలో 'ఖ' అని పలుకుతారు. బుర్ఖా, నిఖాబ్, ఖాజీ, ఇవన్నీ అలా వచ్చినవే. ఇప్పుడు వాటిని బిళ్ళలతో పేర్చి చూడండి. బి-యు-ఆర్-క్యూ-ఏ, ఇందులో యు ఉంది కానీ క్యూ తర్వాత లేదు, 16 పాయింట్లు. ఎన్-ఐ-క్యూ-ఏ-బి, ఇదీ 16. ఖాజీని మాత్రం అరబీ ఉచ్చారణకి దగ్గరగా క్యూ-ఏ-డి-ఐ అని రాస్తారు, 14. ఫకీరు ఎఫ్-ఏ-క్యూ-ఐ-ఆర్, 17.

ఫకీరు దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే అక్కడ ఇంకో లాభం ఉంది. ఆ మాటని క్యూ బదులు కె పెట్టి కూడా రాయొచ్చు, క్యూ తర్వాత యు పెట్టి కూడా రాయొచ్చు, మూడూ చెల్లుతాయి. ఖాజీ కూడా అంతే, మొదటి అక్షరం క్యూ, కె, సి ఏదైనా సరే. కాబట్టి ఇలాంటి మాట కె తోనో సి తోనో తెలిసినప్పుడల్లా అక్కడ క్యూ పెడితే ఉంటుందా అని జాబితాలో చూసుకోవడం అలవాటు చేసుకోండి. అయితే 'ఖ' వినబడిన ప్రతిచోటా క్యూ రాదు. ఖాదీ, ఖాన్ లాంటివి కె-హెచ్ తోనే. ఖతార్, ఇరాక్ అసలు కుదరవు, ఊళ్ళ పేర్లూ దేశాల పేర్లూ ఈ ఆటలో చెల్లవు.

మన చెవికి తెలియనివి కొన్ని నేర్చుకోవాలి. మొదటిది క్యూ-ఐ, చైనావాళ్ళు ప్రాణశక్తికి వాడే మాట. అమెరికా జాబితాలోకి 2006లో వచ్చింది. దీని బలం బోర్డు మీద చూడాలి. అక్షరం విలువని మూడింతలు చేసే గడి ఒకటి ఖాళీగా ఉంది, సరిగ్గా దాని కిందే ఒక ఐ ఉంది, ఆ ఐ కింద గడి ఖాళీ అనుకోండి. ఆ మూడింతల గడిలో క్యూ, దాని కుడిపక్క మామూలు గడిలో ఇంకో ఐ పెట్టారు. అడ్డంగా 30, 1 కలిపి 31. నిలువుగా మళ్ళీ 31. రెండు బిళ్ళలకి 62! ఏడు బిళ్ళలూ ఒకేసారి వాడితే వచ్చే బోనస్సే 50, దాంతో పోల్చుకోండి.

తర్వాత క్యూ-ఏ-టి, యెమెన్‌లో నమిలే మత్తు ఆకు. ఇక క్యూ-ఏ-ఎన్-ఏ-టి, నేల కింద తవ్విన నీటి సొరంగం. జహీరాబాద్ దాటి బీదర్ వెళ్తే బహమనీల కాలం నాటివి ఇప్పటికీ ఉన్నాయి, అక్కడ కరేజ్ అంటారు. ఒకసారి చూసొస్తే ఈ మాట జన్మలో మర్చిపోరు.

ఇంకా కావాలంటే పద జాబితా ఫైలులో మీరే వెతుక్కోండి, ఆట మధ్యలో కాదు, సాధన చేసేటప్పుడు. కంప్యూటర్లో నమూనాలతో (రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్) వెతకనిచ్చే టెక్స్ట్ ఎడిటర్ ఏదైనా సరే. చిన్నబడి అక్షరాల్లో క్యూ కొట్టి, పక్కనే చదరపు బ్రాకెట్లలో టోపీ గుర్తూ (^) యు అక్షరమూ పెడితే, 'క్యూ తర్వాత యు కానిది' అని అర్థం. జాబితా పెద్దబడిలో ఉంటే మీరూ పెద్దబడిలోనే కొట్టండి. ఒక చిక్కుంది, క్యూ తర్వాత ఇంకో అక్షరం తప్పకుండా ఉండాలని ఈ నమూనా కోరుతుంది కాబట్టి తలాక్ లాంటివి జారిపోతాయి. వాటికోసం క్యూ పక్కన డాలర్ గుర్తు పెట్టి ఇంకోసారి వెతకండి, ఆ గుర్తుకి 'వరస ఇక్కడితో అయిపోయింది' అని అర్థం.

ఈ వారం పని: పైన చెప్పిన మాటల్లో నామవాచకాలకి చివర ఎస్ తగిలించి ఏవేవి చెల్లుతాయో జాబితాలో చూసి కాగితం మీద రాయండి. అది అయ్యాక జె తో ముగిసే మాటలు నాలుగు ఆలోచించండి. జెండా పండగ రోజు వినబడేది ఒకటి, ఆగ్రాలో ఉన్నది ఒకటి, మక్కా యాత్ర ఒకటి. నాలుగోది మీరే పట్టుకోండి, వచ్చే పాఠం అక్కడ మొదలుపెడదాం.