క్రిమినల్ అప్పీలులో కన్ఫెషన్‌నీ (ఒప్పుకోలునీ) ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టునీ ఎలా పట్టుకోవాలి

ముందు తేదీ చూడండి. 2024 జులై 1 నాటికే పెండింగ్‌లో ఉన్న అప్పీలైతే 1872 నాటి సాక్ష్య చట్టం, సీఆర్‌పీసీ సెక్షన్లే నడుస్తాయి. ఇక్కడ కొత్త నంబర్లు వాడుతున్నాం: 23, 39, 169 భారతీయ సాక్ష్య అధినియమ్‌వి, మిగతావి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌వి. సెషన్స్ శిక్ష మీద హైకోర్టుకు గడువు 60 రోజులు, మరణశిక్షయితే 30.

జడ్జిమెంటు కాపీ ఒక్కటే పట్టుకుని గ్రౌండ్స్ (అప్పీలు కారణాలు) రాయొద్దు. మధ్యవర్తుల రిపోర్టు (పంచనామా), ఎఫ్‌ఎస్‌ఎల్ రిపోర్టు, దర్యాప్తు అధికారి వాంగ్మూలం, 351 కింద కోర్టు నిందితుణ్ని అడిగిన ప్రశ్నలు, అన్నీ పక్కన ఉండాలి.

మన సెషన్స్ కోర్టుల్లో కన్ఫెషన్ పంచనామాలో కొంత భాగాన్ని ‘అడ్మిసిబుల్ పోర్షన్’ (చెల్లే భాగం) అని పీ-ఎగ్జిబిట్‌గా, అంటే ప్రాసిక్యూషన్ దస్తావేజుగా, మార్కు చేస్తారు. ఆ పేరును నమ్మకండి, ఒక్కో వాక్యం విడిగా చదవండి. పోలీసుతో చెప్పిన ఒప్పుకోలు సాక్ష్య అధినియమ్ 23 కింద చెల్లదు. కస్టడీలో ఇంకెవరితో చెప్పినా, మేజిస్ట్రేటు ఎదుట తప్ప, అంతే. నిలిచేది దాని వల్ల బయటపడ్డ విషయానికి నేరుగా సంబంధించిన ముక్కే. గుంటూరు సెషన్స్ నుంచి ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కొట్టయ్య కేసు (1947) ఇప్పటికీ దీనికి కొలబద్ద. ఈటె, కర్ర గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను అన్నది నిలిచింది; కొట్టి చంపాం అన్నది పోయింది. కాబట్టి ‘పొడిచిన కత్తిని పొదల్లో దాచాను’ అని ఉంటే ‘పొడిచిన’ మాట కొట్టేయాలి. ఆ కత్తితోనే పొడిచాడని వేరే సాక్ష్యంతో రుజువు చేసుకోవాలి.

ఇంకా చూడాల్సినవి: చోటు పోలీసులకు ముందే తెలుసా? రెండో ముద్దాయి చూపించిన చోటును మొదటివాడు అప్పటికే చూపించాడా? అయితే అది డిస్కవరీ (ఒప్పుకోలు వల్ల బయటపడ్డ విషయం) కాదు. ‘నేరం ఒప్పుకుని కత్తి చూపించాడు’ అని అధికారి టూకీగా చెప్పి, నిందితుడి అసలు మాటలు రికార్డులో లేకపోతే అది పెద్ద బొక్క.

ట్రయల్‌లో అభ్యంతరం చెప్పలేదన్న వాదనకు జడవక్కర్లేదు. రుజువు చేసిన పద్ధతి మీద అభ్యంతరం అప్పుడే చెప్పాలి, నిజమే. చట్టమే నిషేధించిన ఒప్పుకోలు మీద అప్పీలులోనైనా లేవనెత్తవచ్చు.

మేజిస్ట్రేటు రికార్డు చేసిన 183 కన్ఫెషన్‌లో చెప్పక్కర్లేదన్న హెచ్చరిక, స్వచ్ఛందమో కాదో తేల్చే ప్రశ్నలు, కింద మెమోరాండం, నిందితుడి సంతకం వెతకండి. ఆలోచించుకోవడానికి మామూలుగా కనీసం 24 గంటలివ్వాలని సర్వన్ సింగ్ (1957) చెప్పింది. ఫారంలో లోపం మాత్రమే ఉంటే 509 కింద సరిదిద్దుకోవచ్చు గనుక, మీ బలమంతా స్వచ్ఛందం కాదన్న చోట పెట్టండి. వీఆర్వో దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాడన్న కేసుల్లో మొదటి ప్రశ్న: ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గరికి ఎందుకెళ్లాడు?

నిపుణుడి అభిప్రాయం సలహా మాత్రమే (39). కారణాలు రాయకపోతే దాని బరువు తగ్గుతుంది. ఎఫ్‌ఎస్‌ఎల్ నిపుణుడు కోర్టుకు రాకున్నా 329 కింద రిపోర్టు చదవొచ్చు. అతన్ని పిలిపించమని ట్రయల్‌లో అడగకుండా అప్పీలులో క్రాస్ ఎగ్జామినేషన్ లేదంటే పెద్దగా వినరు. పోస్టుమార్టం డాక్టరుకు ఆ మినహాయింపు లేదు. రిపోర్టు కన్నా నమూనా నడిచిన దారే ఎక్కువ సార్లు తెగుతుంది: స్వాధీనం తేదీ, మాల్‌ఖానా (స్వాధీనం చేసుకున్న వస్తువులు ఉంచే గది) ఎంట్రీ, ల్యాబ్‌కు చేరిన తేదీ, సీలు నమూనాతో సరిపోలిందా. రక్తం మనిషిదే గానీ గ్రూపు తేలలేదని ఉంటే, మృతుడి రక్తమే అన్న లంకె ఆ రిపోర్టులో లేదు.

ఆ రిపోర్టును 351 పరీక్షలో నిందితుడి ముందు పెట్టారా? పెట్టకపోతే నష్టం ఏమిటో చూపిస్తూ గ్రౌండ్ రాయండి, ఊరికే అడగలేదంటే చాలదు.

169 కింద, చెల్లని సాక్ష్యం తీసుకున్నంత మాత్రాన తీర్పు పోదు. మిగిలింది సరిపోతే శిక్ష నిలుస్తుంది. అందుకే ఎగ్జిబిట్‌ను కొట్టేసిన తర్వాత మిగిలే ప్రతి సాక్షి గురించీ గ్రౌండ్స్‌లో విడిగా రాయాలి. కొత్త నిపుణుడి అభిప్రాయం కావాలంటే 432 (అప్పీలులో అదనపు సాక్ష్యం) పిటిషన్ అప్పీలుతోనే వేయండి. తుది వాదనల నాడు వేస్తే, ట్రయల్‌లో వదిలేసిన లోటు పూడ్చుకుంటున్నారనే అంటారు.