టైమింగ్ బెల్టు మార్చిన తరువాత ఇంజన్ మొరాయిస్తే

టైమింగ్ బెల్టు మార్చి, కవర్లన్నీ బిగించి, తాళం తిప్పినప్పుడు ఇంజన్ అందుకోకపోయినా, అందుకొని వణుకుతూ నడిచినా, చాలామంది మళ్ళీ మళ్ళీ సెల్ఫ్ కొట్టి చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరిగితే క్యామ్ (గాలి, పొగ వచ్చిపోయే దారులను మూసే వాల్వులను నడిపే ఇరుసు) ఒక్క చుట్టు తిరగాలన్న లెక్కను నిలబెట్టేది ఆ బెల్టు ఒక్కటే. లెక్క బాగా తప్పితే, అనేక ఇంజన్లలో పైకి వచ్చే పిస్టన్ ఇంకా మూసుకోని వాల్వును కొట్టి వంచేస్తుంది. అప్పటివరకు కొన్ని గంటల శ్రమతో సరిదిద్దగలిగిన పొరపాటు, ఆ ఒక్క దెబ్బతో ఇంజన్ పైభాగమైన హెడ్డు విప్పే పనిగా మారుతుంది.

శ్రీకాకుళం, విజయనగరం షెడ్లకు వచ్చే బెల్టు బండ్లలో పాత శాంట్రో, డీజిల్ ఇండికా, 2.5 లీటర్ల డీజిల్ ఇన్నోవా ముఖ్యమైనవి. స్విఫ్ట్ డీజిల్ వంటి వాటిలో ఉండేది గొలుసు. ఇక్కడ చెప్పేది వాటికి వర్తించదు.

మొదట సెల్ఫ్ శబ్దాన్ని గుర్తు చేసుకోండి. ఇంజన్ ఎప్పటికంటే తేలికగా, ఎక్కడా బిగువు లేకుండా గిర్రున తిరిగితే కంప్రెషన్, అంటే సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి, లేదని అర్థం. బెల్టు క్యామ్ పుల్లీ మీద చాలా పళ్ళు తప్పి ఉండాలి, లేదా వాల్వులు వంగి ఉండాలి. మామూలుగానే తిరుగుతూ అందుకోకపోతే, పని చేసేటప్పుడు ఊడదీసిన క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ కనెక్టర్లను ముందు చూడాలి. స్కానర్‌లో పీ0335 అనే లోపం కోడ్ వస్తే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌ను, పీ0340 వస్తే క్యామ్ సెన్సర్ సర్క్యూట్‌ను అనుమానించండి. పీ0016 వస్తే మాత్రం క్రాంక్, క్యామ్ స్థానాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని ఇంజన్ చెబుతున్నట్టు. అప్పుడు సెన్సర్ కొనడానికి విశాఖపట్నం పరుగెత్తే ముందు కవరు విప్పి, పుల్లీల మీద, ఇంజన్ మీద ఒకదానికొకటి ఎదురుగా రావలసిన మార్కులు చూడాలి.

మార్కులు చూసే పద్ధతిలోనే అసలు నేర్పు ఉంది. బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, స్పార్క్ ప్లగ్గులను, డీజిల్ అయితే గ్లో ప్లగ్గులను (సిలిండరును ముందుగా వేడి చేసేవి) విప్పండి. క్రాంక్ బోల్టుకు స్పానరు వేసి, ఇంజన్ సహజంగా తిరిగే దిశలోనే, నిదానంగా, పూర్తిగా రెండు చుట్లు తిప్పండి. క్యామ్ బోల్టు పట్టుకొని ఎప్పుడూ తిప్పవద్దు. ప్లగ్గులు తీసేశాక కంప్రెషన్ అడ్డు ఉండదు కనుక, మధ్యలో ఇనుముకు ఇనుము తగిలినట్టు గట్టిగా ఆగితే అది వాల్వే అనుకోవాలి, బలం పెట్టకూడదు. ఒక చుట్టు తరువాత క్రాంక్ మార్కు కలిసి క్యామ్ మార్కు ఎదురుదిక్కున ఉంటే కంగారు పడనక్కరలేదు, రెండో చుట్టుకు రెండూ కలవాలి. కొత్త బెల్టు మీది రంగు గీతలు మాత్రం తిప్పాక పుల్లీ మార్కులకు ఎదురుగా రావు. అవి బిగించేటప్పటి ఆనవాళ్ళు మాత్రమే. ఈ సంగతి తెలియక సరిగ్గా ఉన్న బెల్టును విప్పి పాడుచేసుకున్నవారిని చూశాను. బయటి క్రాంక్ పుల్లీలోని రబ్బరు జారితే దాని మార్కు అబద్ధం చెబుతుంది కాబట్టి, లోపలి పళ్ళ పుల్లీ మార్కునే నమ్మండి.

ఒక పన్ను తప్పడానికి సాధారణ కారణం, బెల్టు వదులు టెన్షనర్ (బెల్టును బిగువుగా నొక్కి పట్టే చక్రం) లేని వైపు మిగిలిపోవడం. క్రాంక్ నుంచి మొదలుపెట్టి, లాగే వైపు బెల్టును బిగువుగా ఉంచుతూ క్యామ్‌కు ఎక్కించి, మిగిలిన వదులంతా టెన్షనర్ దగ్గరకే తేవాలి. ఒక్క పన్నే తప్పితే బండి ఊళ్ళో బాగానే తిరిగినట్టు కనిపిస్తుంది. నేను చూసిన ఒక డీజిల్ బండి విజయనగరం వీధుల్లో ఏ లోపమూ చూపలేదు. సాలూరు దాటి కోరాపుట్ ఘాటు ఎక్కేసరికి రెండో గేరులో కూడా లాగలేకపోయింది. యజమాని అప్పటికే డీజిల్ ఫిల్టరు మార్చి, ఇంజెక్టర్లు శుభ్రం చేయించి చాలా డబ్బు పోగొట్టుకున్నారు. బెల్టుతోనే ఇంజెక్షన్ పంపు (సిలిండర్లకు డీజిల్ పంపేది) తిరిగే ఇంజన్లలో పంపు పుల్లీ మార్కు కూడా కలవాలి. పంపు వెనకబడితే పికప్ తగ్గి తెల్లపొగ వస్తుంది, ముందుకు పోతే గట్టిగా కొట్టుకునే శబ్దం వస్తుంది.

మార్కులు కుదిరాక కూడా వేగంతో పాటు పెరిగే కూత వినిపిస్తే బెల్టు అతిగా బిగిసిందని, కవరుకు రాసుకునే చప్పుడైతే వదులుగా ఉందని అనుకోవచ్చు. వాటర్ పంపు కూడా మార్చి ఉంటే, కూలెంట్‌లో గాలి చిక్కుకొని ఇంజన్ వేడెక్కవచ్చు. హీటరు పూర్తి వేడిలో పెట్టి గాలి పోనివ్వండి, వేడి మీద మూత తీయకండి. కింది కవరు క్లిప్పు విరిగిందని వదిలేయకండి, వానాకాలంలో బురదనీరు, రాళ్ళు నేరుగా బెల్టు మీదికి చేరతాయి. సీలు కారి ఆయిల్ పడిన బెల్టును తుడిచి వాడకూడదు; సీలుతో పాటు బెల్టూ మార్చాలి.

మార్కులు సరిగ్గా ఉండీ ఒక సిలిండరు పనిచేయకపోతే కంప్రెషన్ కొలిపించండి. ఏదో ఒకదానిలో మిగతా వాటికంటే బాగా తక్కువ వస్తే, ఆ సిలిండరులో కొద్దిగా ఆయిల్ పోసి మళ్ళీ కొలవాలి. అప్పటికీ పెరగకపోతే గాలి వాల్వుల దగ్గరే పోతోందని అర్థం, హెడ్డు దించక తప్పదు. తిరిగి బిగించేటప్పుడు ఆ దెబ్బ తిన్న బెల్టును, టెన్షనర్‌ను కొత్తవే కదా అని మళ్ళీ వేయనివ్వకండి.